సంగటి నమలమన్న చార్టు మేడమ్

2022 మార్చి నెల. కర్నూలులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నేను డైటీషియన్‌గా చేరి అప్పటికి నాలుగేళ్ళు దాటింది. మొదటి అంతస్తులో, ఎక్స్‌రే గదికి ఎదురుగా నా గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, బరువు తూచే మిషను, గోడకు ఒక పోస్టరు. ఆ పోస్టరులో యాపిళ్ళు, స్ట్రాబెర్రీలు, బ్రకోలీ కళకళలాడుతుండేవి. బ్రకోలీని చూసి మా పేషెంట్లలో సగం మంది, "ఈ కాలీఫ్లవరుకు ఏం రోగమొచ్చిందమ్మా, ఇట్ల పచ్చబడింది?" అని అడిగేవారు. నవ్వి ఊరుకునేదాన్ని తప్ప, పోస్టరు మార్చాలని నాకు తోచలేదు.

డైటీషియన్ అంటే సన్నబడటానికి చిట్కాలు చెప్పే మనిషి అని చాలామంది అనుకుంటారు. నిజానికి నా పని చాలావరకు షుగరు, కిడ్నీ, కాలిన గాయాలు, ఆపరేషన్ తర్వాతి తిండి. మనిషిని చూసి, రిపోర్టులు చూసి, పొద్దున్నించి రాత్రి దాకా ఏం తినాలో కాగితం మీద రాసిస్తాను. అందుకే నాకు 'చార్టు మేడమ్' అని పేరొచ్చింది. లిఫ్టు దగ్గరి వాచ్‌మన్ దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ అదే పేరుతో పిలిచేవారు. పైకి విసుక్కున్నా లోపల నాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఇక్కడే ఒక సంగతి ఒప్పుకోవాలి. పేరుకు నేను కర్నూలు పిల్లనే అయినా మా ఇల్లు మూడుపూటలా వరి అన్నం ఇల్లు. నాన్నది బదిలీల ఉద్యోగం, నా చదువంతా హైదరాబాదులో హాస్టళ్ళలో. రాగి సంగటిలో ఎంత కాల్షియం ఉంటుందో, ఎంత పీచు ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. హోటల్లో ఒకసారి చెంచాతో రుచి చూశానంతే. దాన్ని ఎట్లా తింటారో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

ఆ మార్చిలో ఇఎన్‌టి డాక్టరు నా దగ్గరికి ఒక జంటను పంపారు. భర్త పేరు మద్దిలేటి, యాభై నాలుగేళ్ళు. బనగానపల్లె దగ్గర పల్లె, ఐదెకరాల మామిడి తోట. మొహం పీక్కుపోయి ఉంది కానీ మీసం మాత్రం పాత మొహానికి సరిపడేంత ఉంది. చొక్కా భుజాల నుంచి జారిపోతోంది. భార్య సుంకులమ్మ పక్క కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మిషనెక్కితే ఆయన యాభై ఒక్క కిలోలు. ఐదు నెలల కిందట డెబ్బై రెండు.

సుంకులమ్మే చెప్పింది. "దేవర జాతరకు మా చెల్లెలోల్ల ఊరికి పోయింటిమమ్మా. అందరితో పాటు కూచుని తింటాంటే ఎముక గొంతుకు అడ్డం పడె. గుడ్లు తేలేసినాడు. ఈపు మీద కొట్టి కొట్టి, జీపులో ఏసుకోని ఆస్పత్రికి తీస్కపోతే, తీసినారు. ఆపొద్దు నుంచి మెతుకు ముట్టలే. మజ్జిగ, గంజినీల్లు, పాలు, అంతే."

నాలుగు నెలలుగా అదే తంతు. ఊళ్ళో క్యాన్సర్ అన్నారు, చేతబడి అన్నారు. మా ఆస్పత్రిలో ఎండోస్కోపీ చేశారు. బేరియం స్వాలో కూడా చేశారు. అంటే సున్నంలాంటి తెల్లని మందు తాగించి, అది గొంతులోంచి ఎట్లా దిగుతోందో ఎక్స్‌రేలో చూడటం. ఎక్కడా అడ్డంకి లేదు, పుండు లేదు. అన్నీ నార్మల్.

అప్పుడు మద్దిలేటి నోరు విప్పాడు. "అన్నీ బాగుండాయంట. బాగుంటే నేనెందుకు మింగలేకపోతాండా? నాటకాలాడతాండానా నేను?"

"నాటకం కాదన్నా," అన్నాను. "దీనికో పేరుంది."

ఈటింగ్ డిజార్డర్ అనగానే సన్నబడాలని కడుపు మాడ్చుకునే కాలేజీ అమ్మాయిలే గుర్తొస్తారు. అది ఒక రకం. ఇంకో రకాన్ని ఎ.ఆర్.ఎఫ్.ఐ.డి. అంటారు. అందులో సన్నబడాలన్న కోరిక ఉండదు. ఒకసారి గొంతుకు అడ్డం పడ్డాకో, విపరీతంగా వాంతులయ్యాకో, తిండి అంటేనే భయం పట్టుకుంటుంది. మనిషికి ఆకలి ఉంటుంది, ఆశ ఉంటుంది, ముద్ద నోట్లో పెట్టగానే గొంతు బిగుసుకుంటుంది. ఇదంతా విని మద్దిలేటి తలూపాడు. "కలలో గుడక తింటాండా మ్మా," అన్నాడు. ఆ ఒక్క మాటకు నా మనసు కరిగిపోయింది.

మా ఆస్పత్రికి ప్రతి గురువారం ఒక సైకాలజిస్టు వచ్చేవారు. పిచ్చి డాక్టరు దగ్గరికి నేను రానని ఆయన మొండికేస్తే బతిమాలి ఒప్పించాను. పెద్ద డాక్టరు మాత్రం ఒక గీత గీశారు. బరువు నలభై ఎనిమిదికి దిగితే అడ్మిట్ చేసి రైల్స్ ట్యూబ్ వేయాల్సిందే. అంటే ముక్కులోంచి కడుపులోకి సన్నని గొట్టం పంపి, దానిగుండా ఆహారం పోయడం. ప్రాణం నిలబెడుతుంది. కానీ మింగడమంటేనే భయపడే మనిషికి గొంతులో గొట్టం వేస్తే ఆ భయం ఇంకెంత పెరుగుతుందో నాకు తెలుసు.

"ముక్కులో గొట్టం పెట్టుకోని ఊర్లో యాడ తిరగల్ల?" అన్నాడు మద్దిలేటి. మామిడి కాపుకు వచ్చే కాలం కూడాను.

నేను చార్టు రాశాను. మొదటి రెండు వారాలు చిక్కటి జావ, మెత్తగా చిదిమిన అరటిపండు, పెరుగు. అన్నిటికీ కింద ఎర్ర ఇంకుతో ఒక నియమం: నోట్లో పెట్టుకున్న ప్రతిదీ ముప్పైసార్లు నమలాలి. మా పుస్తకాల్లో ఉన్నదే. బాగా నమిలితే అడ్డం పడదు, అడ్డం పడకపోతే భయం పోతుంది. లెక్క సరిగ్గానే ఉంది. అరటిపండు దాకా బండి నడిచింది. బరువు అరకిలో పెరిగింది. నేను ఉప్పొంగిపోయాను.

మూడో వారం, "అన్నిటికంటే ఏం తినాలనుంది అన్నా?" అని అడిగాను.

"సంగటి," అన్నాడు వెంటనే. ఆ మాట అంటుంటేనే ఆయన మొహం విప్పారింది.

ఇంకేం, మెత్తని పదార్థం, బలమైన తిండి. ఉత్సాహంగా రాసేశాను: రాగి సంగటి, నిమ్మకాయంత, కొంచెం కొంచెంగా, ప్రతి ముక్కా ముప్పైసార్లు నమలాలి. భార్యాభర్తలు కాగితం చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమీ అనలేదు. సుంకులమ్మ చార్టును నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. వాళ్ళ మౌనాన్ని నేను గౌరవమనుకున్నాను. అది గౌరవమే, కాకపోతే నా కొంప ముంచిన గౌరవం.

పది రోజులకు సుంకులమ్మ ఫోను చేసింది. "మల్లా మొదటికొచ్చిందమ్మా. సంగటి తినబోయి ఊపిరాడక ఎనక వాకిట్లోకి ఉరికినాడు. ఏలు పెట్టి కక్కుకున్యాడు. వారం నుంచి నీల్లు గుడక చెంచాతో తాగుతాండాడు."

మరునాడే రమ్మన్నాను. ఏమైందో నా కళ్ళతో చూడాలని, ఆ సంగటి కూడా కొంచెం పట్టుకురమ్మన్నాను. వచ్చారు. బరువు నలభై ఎనిమిదిన్నర. గొట్టానికి ఇక అరకిలో దూరం.

"ఎన్నిసార్లు నమిలారు అన్నా?"

"పద్దెనిమిది దాంక లెక్కపెట్టినా. అంతలోకే నోరంతా బంకయిపాయ."

"సరిగ్గా నమలలేదేమో. ఉండండి, నేను చూపిస్తాను," అన్నాను. ఆ ధైర్యం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సుంకులమ్మ టిఫిను డబ్బా తెరిచింది. ఒక గిన్నెలో సంగటి ముద్ద, ఇంకో గిన్నెలో చింతపండు పులుసు. ముద్దలోంచి ఇంత తుంచి నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టాను. ఐదుకు పళ్ళకు పట్టుకుంది. పదికి అంగిట్లో అతుక్కుంది. పన్నెండుకు నాలుక కదల్లేదు. ఏదో చెప్పబోతే మాట రాలేదు.

సుంకులమ్మ ఇక ఆగలేకపోయింది. "అయ్యో, నమలొద్దమ్మా! సంగటి యాడన్నా నమిలేదుంటాదా? మింగల్ల!"

నీళ్ళు తాగి, వేలితో పళ్ళు శుభ్రం చేసుకుని, ఎట్లాగో మాట తెచ్చుకున్నాను. "మరి ఆ రోజే చెప్పొచ్చు కదా వదినా?"

"మేడమ్ రాసిచ్చింది గదా. మందు మాదిరి తినేటప్పుడు నమలల్లేమో అనుకొంటిమి."

చిన్నముక్క గిల్లి, పులుసులో ముంచి, నాలుక మీద పెట్టుకుని మింగేయడమేనట. ఆ పల్లెల్లో పుట్టిన ప్రతి ఒక్కరికీ పాలు మరిచిన నాటి నుంచి వచ్చిన విద్య. అది నమిలి తినేది కాదని తెలియనిది ఆ గదిలో నేనొక్కదాన్నే. చార్టు రాసింది కూడా నేనే.

సరే, మింగి చూద్దామనుకున్నాను. ముక్క నాలుక మీద పెట్టుకున్నాను. గొంతు మూసుకుపోయింది. నమలకుండా మింగడమంటే నా ఒళ్ళు ఒప్పుకోలేదు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, టిష్యూ పేపర్లో ఉమ్మేశాను. రెండోసారీ అంతే. మూడోసారి చెమటలు పట్టాయి. నిజం చెబుతున్నాను, నెల రోజులుగా ఆయనకు నేను వివరిస్తున్న భయం ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

మద్దిలేటి నన్నూ సంగటినీ మార్చి మార్చి చూస్తున్నాడు. మీసం కింద ఏదో కదిలింది. నవ్వు. నెల రోజుల్లో ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి.

"ఇంత సదువుకోని సంగటి మింగేది రాదా మ్మా నీకు?" అంటూ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అంత పెద్దది కాదు. ఇట్ల గిల్లల్ల. ఇట్ల పులుసులో పొర్లించల్ల. నాలిక మింద పెట్టి, యోచన చేయకుండా..."

ముక్క మాయమైంది.

ఆయన చెయ్యి ఇంకా నోటి దగ్గరే ఉంది. భార్య వైపు తిరిగి మెల్లగా, "పాయనా?" అని అడిగాడు. "పాయె," అంది ఆవిడ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నేనైతే రెండూ చేశాను.

గురువారం సైకాలజిస్టు వచ్చి, "ఏం టెక్నిక్ వాడారు?" అని ఆసక్తిగా అడిగారు. "చేతకానితనం" అన్నాను. ఆయన నవ్వి, తర్వాత విడమరిచి చెప్పారు. నమలడం లెక్కపెట్టమని చెప్పి నేను ఆ మనిషి దృష్టినంతా గొంతు మీదే కూర్చోబెట్టాను. సంగటి మింగడం యాభై ఏళ్ళ అలవాటు, భయానిది ఐదు నెలల వయసు. నాకు చూపించే తొందరలో ఆయన భయాన్ని మరిచిపోయాడు, పాత అలవాటు పని చేసుకుపోయింది. ఇఎన్‌టి డాక్టరు కూడా మింగడంలో లోపం లేదని మళ్ళీ నిర్ధారించాక, ముగ్గురం కూర్చుని కొత్త ప్లాను వేశాం.

దాన్ని ఎక్స్‌పోజర్ అంటారు. భయపెట్టే దాన్నే చిన్న మోతాదులో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోవడం. నేను పాత అలవాటు కొద్దీ గ్రాముల్లో రాశాను. మద్దిలేటి కాగితం వెనక్కి నెట్టాడు. "గ్రాములు నాకేం తెల్సు మ్మా? కందిగింజంత, శనగగింజంత, చింతగింజంత, రేక్కాయంత. అట్ల రాయి." రాశాను. నా జీవితంలో రాసిన చార్టుల్లో మంచి చార్టు అదే, అదీ ఆయన చెప్పి రాయించింది.

ఒక్కో మెట్టు మీద వారం, పది రోజులు. లెక్కపెట్టకూడదు. నిటారుగా కూర్చోవాలి. ఎవరూ ఆయన గొంతు వైపు చూడకూడదు. చాలాకాలం పస్తున్న ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే ప్రమాదం కాబట్టి వారం వారం రక్తపరీక్ష చేసేవాళ్ళం. ఇక ఫోన్లు మొదలయ్యాయి. "మేడమ్, శనగగింజ పాస్!" నేను రౌండ్స్‌లో ఉంటే నర్సమ్మ ఎత్తి, "చింతగింజ రెండుసార్లు ఫెయిలంట, మూడోసారి సెకండ్ క్లాసంట" అని నాకు చేరవేసేది. రేగుకాయ మెట్టు పాసైన రోజు నర్సులందరికీ మిఠాయి కూడా పంచాం.

దారంతా పూలబాట కాదు. ఒకసారి బంధువుల ఇంట్లో పదిమంది ఎదురుగా కూర్చుని, మింగుతాడా లేదా అని కళ్ళార్పకుండా చూశారట. రెండు మెట్లు కిందికి జారాడు. "ఊరంతా నా గొంతు దిక్కే చూస్తాండాది మ్మా," అని వాపోయాడు. "చూస్తే చూడనీ. మళ్ళీ కందిగింజతో మొదలుపెడదాం," అన్నాను. మేలో తోట కాపుకు వచ్చింది. పండు కోసి ముక్కలు పెడితే, మామిడిపండును నమిలానన్న సంగతి సగం పండు అయ్యాక గుర్తొచ్చిందట. ఆ తర్వాత మెత్తటి అన్నం, పప్పు, ఆకుకూర. పూర్వం పొద్దున ఏమీ తినకుండా మధ్యాహ్నం ఒకేసారి ఐదు ముద్దలు లాగించే మనిషి, ఇప్పుడు మూడుపూటలా కొంచెం కొంచెం తిని, చాలనిపిస్తే చేయి కడగడం నేర్చుకున్నాడు. మాంసం ఊసు మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జూలై చివరి వారం. బరువు అరవై ఒకటి. ఫైలు మూసేయవచ్చని డాక్టరు సంతకం పెట్టారు. మద్దిలేటి మిషను దిగి హుషారుగా భార్యను పిలిచాడు. "నువ్వూ ఎక్కు మే. బస్సులో నాకు చోటు లేకుండా కూచుంటావు, ఎంతుండావో చూద్దాం."

"నాకెందుకు? నాకేమన్నా జబ్బా?" అంది సుంకులమ్మ.

ఆయన చెయ్యి పట్టుకుని లాగి ఎక్కించాడు. మిషను ముప్పై ఎనిమిది చూపించింది.

"నీ మిషను సెడిపాయె మ్మా," అని నవ్వాడు మద్దిలేటి. నేను సున్నాకు తెచ్చి మళ్ళీ ఎక్కమన్నాను. ముప్పై ఎనిమిదే. నవ్వు ఆగిపోయింది.

"ఇంతకుముందు ఎప్పుడైనా చూసుకున్నారా వదినా?"

"పోయినేడు ఆశా అమ్మాయి తూచింది. యాబై ఉంటి."

"ఏం తింటున్నారు మీరు?"

ఆవిడ నేల చూసింది. "ఆయప్ప తాగేదే నేనూ తాగితి. ఆయప్ప ముందర పెట్టుకోని ఎట్ల తినేది? దాపెట్టుకోని ఎట్ల తినేది? ఇప్పుడు తినబోతే పోదమ్మా. ఆకలి సచ్చిపోయింది."

ఐదు నెలలు. ప్రతిసారీ ఎదుటి కుర్చీలోనే కూర్చుంది. రవిక భుజం దగ్గర పిన్నీసుతో బిగించుకుని ఉండటం నేను చాలాసార్లు చూశాను. వచ్చిన ప్రతిసారీ ఆయన బరువు అరకిలో తేడాతో సహా రాసుకున్నాను. ఈవిడను ఒక్కసారి, ఒక్క పూట, నువ్వేం తిన్నావమ్మా అని అడగలేదు. అంత సిగ్గు నాకు ఉద్యోగంలో మరెప్పుడూ కలగలేదు.

మద్దిలేటి దారిలో తినడానికి తెచ్చుకున్న డబ్బా సంచిలోంచి తీశాడు. మూతలో ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి, పప్పు పోసి ఆవిడ ముందు పెట్టాడు. తన గిన్నె తన ముందు పెట్టుకున్నాడు.

"ఈడ్నా? మేడమ్ ముందరనా?" అంది సుంకులమ్మ.

"తిను. నువ్వు ఎంత తింటే నేనంత తింటా. నువ్వు ఆపితే నేనూ ఆపుతా," అన్నాడు.

ఆవిడ ఆయన మొహం చూసింది. ఆయన చెయ్యి ముద్ద మీద కదలకుండా ఉంది. ఆవిడ గిల్లింది, ఆయన గిల్లాడు. ఆవిడ మింగింది, ఆయన మింగాడు. నేను లేచి వెళ్ళి గది తలుపు వేసి, బయట క్యూలో ఉన్నవాళ్ళను పావుగంట ఆగమన్నాను. అరగంట పట్టింది.

ఆ రోజే సుంకులమ్మ పేరుతో కొత్త ఫైలు తెరిచాం. దీపావళికి నలభై ఆరుకు వచ్చింది. ఇంకా పెరగాలి కానీ ఆకలి తిరిగొచ్చిందని ఆవిడే చెప్పింది. అప్పటి నుంచి నా గదిలో ఒక పద్ధతి ఉంది. చార్టు రాసేముందు, ఏం తింటారు అని కాక, ఎట్లా తింటారో నాకు నేర్పించండి అని అడుగుతాను. ఆ తర్వాత మిషను ఎక్కమంటాను, ముందు పేషెంటును కాదు, పక్క కుర్చీలో ఉన్నవాళ్ళను. "నాకేం జబ్బు లేదు మేడమ్, నేను ఊరికే తోడొచ్చినా," అంటారు. చెప్పులు విప్పి ఎక్కండి అంటాను.